బడికి పంపడంతో బాధ్యత తీరదు

జూన్ నెల వచ్చిందంటే భీమ్‌గల్ ప్రాంతంలో పనులన్నీ ఒక్కసారే మీద పడతాయి. పసుపు పెట్టాలి, మక్కలు వేయాలి, ఎరువుల కోసం తిరగాలి. ఆ హడావుడిలోనే బడులు తెరుస్తారు. పిల్లవాడికి బట్టలు, సంచి, పుస్తకాలు సమకూర్చి గేటు దాకా దిగబెట్టి వస్తే మన పని అయిపోయిందనుకుంటాం. ఆపైన అంతా పంతుళ్ల బాధ్యతే అనుకుంటాం. ఈ అభిప్రాయం సరైనది కాదు. ఆరేళ్ల పిల్ల ఉదయం నుంచి సాయంత్రం దాకా మన కళ్లకు కనబడని చోట ఉంటున్నప్పుడు, ఆమె ఏమి తిన్నది, ఎవరితో ఆడింది, ఎవరికి భయపడింది అన్నది మనం తెలుసుకోవలసిన విషయమే.

మన ఊళ్లలో ఇది మరీ అవసరం. ఏ వాడకు వెళ్లినా తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు కనబడతాయి. తల్లి చాట ముందు పెట్టుకొని బీడీలు చేస్తూ ఉంటుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన కాబట్టి ఆమెకు తల ఎత్తే తీరిక ఉండదు. బడి సంగతి చూసేది నాయనమ్మో అమ్మమ్మో. చదువు రాని ఆ ముసలమ్మ బడికి వెళ్లి అడగడానికి జంకుతుంది. తండ్రి ఫోనులో "మంచిగ చదువుతున్నవా?" అని అడుగుతాడు. కొడుకు "ఆఁ" అంటాడు. అంతటితో సరి.

నేనెరిగిన ఒక ఇంట్లో జరిగిన సంగతి చెబుతాను. రెండవ తరగతి చదివే పిల్లవాడికి రోజూ సాయంత్రానికి కడుపునొప్పి. నాయనమ్మ దిష్టి తీసింది, తాయెత్తు కట్టించింది. మందులూ తెప్పించారు. తగ్గలేదు. చివరికి బడి పేరెత్తితేనే ఏడవడం మొదలుపెట్టాడు. "చదువు దొంగ" అని ఇంట్లో నాలుగు తగిలించారు కూడా. బీడీలు చేయడానికి వచ్చి కూర్చునే పక్కింటామె ఒకనాడు వాడిని దగ్గర కూర్చోబెట్టుకొని మెల్లగా అడిగితే అసలు విషయం బయటపడింది. బడిలో మరుగుదొడ్డి తలుపుకు గడియ ఊడిపోయింది. పెద్ద పిల్లలు తలుపు నెట్టి నవ్వుతున్నారు. ఆ భయంతో వాడు పొద్దంతా నీళ్లు తాగడం లేదు, మూత్రం బిగబట్టుకొని ఇంటికి వస్తున్నాడు. తల్లి వెళ్లి చెప్పిన మర్నాడే గడియ బిగించారు. పెద్ద పిల్లలను పంతులుగారు మందలించారు. వాడి కడుపునొప్పి పోయింది.

కొద్దిపాటి ఖర్చుతో పోయే దానికి ఆ పసివాడు అన్ని రోజులు నరకం అనుభవించాడు. తప్పు ఎవరిదని వెతకడం సులభమే. కాని ఇద్దరు ఉపాధ్యాయులు అయిదు తరగతులు చూసుకునే బడిలో ప్రతి తలుపూ ప్రతి పిల్లవాడి మొహమూ వారి దృష్టికి రాకపోవచ్చు. చూడవలసిన కళ్లు మరికొన్ని ఉండాలి.

ఆ కళ్లు మనవే కావాలని చట్టమే చెబుతోంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ ఒక యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతుల మంది పిల్లల తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. 2024లో మన రాష్ట్ర ప్రభుత్వం అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలను ఏర్పాటు చేసి, బడుల్లో మరమ్మతుల పనిని మహిళా సంఘాల వారికి అప్పగించింది. అధికారం కాగితం మీద తల్లుల చేతికి వచ్చింది. కాని కమిటీ సమావేశమంటే రిజిస్టరులో సంతకం పెట్టి రావడమేనన్న అలవాటు పోనంతవరకు ఫలితం ఉండదు.

ఈ అశ్రద్ధకు ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో ఇతర రాష్ట్రాల్లో చూశాం. తమిళనాడులోని కుంభకోణంలో 2004 జూలై 16న బడి వంటశాలలో పుట్టిన నిప్పు ఆకుల పైకప్పుకు అంటుకొని 94 మంది పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. సరిగ్గా తొమ్మిదేళ్లకు, 2013లో అదే జూలై 16న బీహారులోని గండామన్ గ్రామంలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ భోజనంలో పురుగుమందు కలిసింది. మన ఇళ్లలో పురుగుమందు డబ్బాలు లేని ఇల్లు ఏది? ఖాళీ అయిన డబ్బాను కడిగి నూనెకో నీళ్లకో వాడుకోవడం మనం ఎరగని విషయమా? కాబట్టి బడిలో బియ్యం, నూనె ఎక్కడ నిల్వ చేస్తున్నారో కమిటీ సభ్యులు కళ్లారా చూడాలి. పిల్లలకు వడ్డించక ముందు పెద్దలు రుచి చూడాలన్న నియమం ఉన్నది. వారానికి ఒకనాడు ఒక తల్లి వెళ్లి ఆ అన్నం తిని వస్తే అంతకు మించిన తనిఖీ లేదు. అయితే వండిపెట్టే మహిళలకు బిల్లులు సకాలంలో అందకపోతే వారిని మాత్రం గట్టిగా అడిగే నోరు మనకు ఉండదు. ఈ విషయంలో అధికారులు తగిన శ్రద్ధ వహించాలి.

ఇక దెబ్బల సంగతి. "నాలుగు తగిలించండి సారూ, చదువు వస్తది" అని తల్లిదండ్రులే చెప్పి వెళ్లడం నేటికీ ఉన్నది. దండం దశగుణం భవేత్ అన్న కాలం పోయింది. పిల్లలను కొట్టడాన్ని, మనసు నొచ్చేలా వేధించడాన్ని విద్యాహక్కు చట్టం 17వ సెక్షను నిషేధించింది. దెబ్బలకు భయపడిన పిల్లవాడు పాఠం నేర్వడు, దాచడం నేరుస్తాడు. రేపు మరెవరైనా అతనితో అసభ్యంగా ప్రవర్తించినా దాన్నీ దాచుతాడు. అసలు ప్రమాదం ఇక్కడే ఉన్నది. పిల్లలపై లైంగిక అఘాయిత్యాల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం, సంగతి తెలిసినవారు పోలీసులకు చెప్పకపోవడమే నేరం. పరువు పోతుందని పెద్దమనుషుల ముందు మాఫీ చేసుకోవడం ఆ పిల్లకు రెండవసారి అన్యాయం చేయడమే. ఎవరికి చెప్పాలో తోచనప్పుడు 1098 నంబరుకు ఫోను చేయవచ్చు. పగలూ రాత్రీ పలుకుతుంది, పైసా ఖర్చు లేదు. ఆ నంబరును బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాలి.

గ్రామస్థులు చేయగలిగిన పనులు మరికొన్ని ఉన్నాయి. వానాకాలంలో కప్పలవాగు పొంగినప్పుడు పిల్లలను ఒంటరిగా దాటనివ్వకూడదు. బడి దగ్గర మూత లేని బావి, సంపు ఉంటే వెంటనే మూయించాలి. రెండు రోజులు బడికి రాని పిల్ల ఇంటికి మూడవనాడు ఎవరో ఒకరు వెళ్లి అడగాలి. తండ్రి దూరదేశంలో ఉన్న పిల్లల పేర్లు విడిగా రాసుకొని, వారిపై పంతులుగారు, కమిటీవారు ఒక కన్ను వేసి ఉంచాలి.

లింబాద్రి గుట్ట జాతరకు ఊరికి ఊరే కదిలివెళ్లే మనం, నెలకొకసారి బడి ఆవరణలో పదిమందిమి గంటసేపు కూర్చోలేమా? బీడీలు చేసే తల్లులకు వీలైన వేళ చూసి సమావేశం పెట్టడం ప్రధానోపాధ్యాయులకు కష్టమేమీ కాదు. అంతకంటే ముందు, ఈ సాయంత్రం పిల్లవాడు ఇంటికి రాగానే మార్కుల సంగతి అడగకండి. "ఈరోజు బడిలో నీకు భయమైందేమన్న ఉన్నదా బిడ్డా?" అని అడగండి. చెప్పేదాకా చాట పక్కన పెట్టి వినండి.