ఎలీసాలో ‘లేదు’ అని తేలిన చెరకు విత్తనం వైరస్ రహితమేనా?

బోధన్‌లో 1937లో ఏర్పడి 2015లో మూతపడిన నిజాం చక్కెర కర్మాగారాన్ని తిరిగి తెరవాలన్న చర్చ సాగుతున్నది. సిరికొండ మొదలు బోధన్ వరకు చెరకు సాగు మళ్లీ విస్తరిస్తే, ముచ్చెలు బయటి ప్రాంతాల నుంచే రావలసి ఉంటుంది. వాటితో పాటు మొజాయిక్ వైరస్‌లూ రాగలవు. ఎలీసా పరీక్ష చౌక, త్వరితం, వందల నమూనాలకు అనువైనది. అయినప్పటికీ అందులో వచ్చే ‘లేదు’ అన్న ఫలితాన్ని ఆరోగ్య ధ్రువపత్రంగా స్వీకరించడం శాస్త్రసమ్మతం కాదు.

ప్రతిరక్షకం మొత్తం వైరస్‌ను గుర్తించదు. సాధారణంగా దాని తొడుగు ప్రోటీన్‌లోని చిన్న భాగాలనే పట్టుకుంటుంది. చెరకు మొజాయిక్ వైరస్ వర్గంలో ఒక్కొక్క వైరస్‌కు ప్రత్యేకమైన గుర్తులు అధికంగా ఆ ప్రోటీన్ అమైనో కొసన ఉంటాయి. మధ్యభాగం బంధు వైరస్‌లన్నింటిలో దాదాపు ఒకే తీరు. కొసను గుర్తించే ప్రతిరక్షకం దగ్గరి బంధువును సైతం విడిచిపెట్టవచ్చు. మధ్యభాగాన్ని గుర్తించేది బంధువుల మధ్య తేడా చెప్పలేదు. పైగా ఆ కొస ఎంజైముల వల్ల సులువుగా తెగిపోతుంది. ఎండవేళ కోసి, సంచిలో కుక్కి, మరునాటికి ప్రయోగశాలకు చేర్చిన ఆకులో మిగిలేది ఎంత?

ఇది ఊహాజనితమైన చిక్కు కాదు. ఆంధ్రప్రదేశ్ చెరకులో మొజాయిక్ లక్షణాలకు కారణమైన చారల మొజాయిక్ వైరస్‌ను 1999లో వర్ణించారు. అనంతరం దానిని పోటీవైరస్ ప్రజాతిలో గాక, పోయేసివైరస్ అనే వేరు ప్రజాతిలో చేర్చారు. ఆకుపై లక్షణం ఒకే తీరుగా కనిపించినా, చెరకు మొజాయిక్ వైరస్ సీరం ఒక్కటే వాడేవారికి ఇది చిక్కకపోవచ్చు. వేరుశనగ క్లంప్ వైరస్‌లోనూ హైదరాబాదు, లూధియానా, దుర్గాపుర రకాలు సీరం పరీక్షల్లో వేర్వేరుగా తేలగా, కేంద్రకామ్ల ప్రోబు మూడింటినీ గుర్తించగలిగింది.

ఆర్.టి.-పి.సి.ఆర్. సైతం ప్రైమర్లకు కట్టుబడినదే. అయినా అనుమానాస్పద విత్తన తోటల విషయంలో దానిని రెండవ సాక్షిగా తప్పక పిలవాలి. ఎలీసా శోషణ విలువను ప్రోటీన్ పరిమాణంగా రాసే విద్యార్థులు ప్రామాణిక వక్రరేఖ ఏదని ముందుగా తమను తాము ప్రశ్నించుకోవాలి. ఇక విస్తరణ నివేదికలో ‘వైరస్ లేదు’ అనడానికి బదులు, ఏ సీరంతో, ఏ ఆకును, కోసిన ఎన్ని గంటలకు పరీక్షించగా ‘గుర్తింపబడలేదు’ అన్నది రాయాలి. ఆ ముచ్చెలను నాటే రైతు మొక్క తోటనే గాక దాని కార్శి పంటలనూ ఆ ఒక్క మాటను నమ్మి పెంచుతాడు.