పాత పాట, కొత్త గోపురం

తిరుపతిలో కాపురం వుండేవాళ్ళకు ఒక సుఖమూ ఒక కష్టమూ వున్నాయి. రెండూ చుట్టాలే. మనం ఎవరింటికీ వెళ్ళనక్కర లేదు; ఏడాదికి ఒకసారైనా అందరూ మన ఇంటికే వస్తారు. వచ్చినవాళ్ళు గడప దాటీ దాటకముందే అడిగేది దర్శనం టిక్కెట్ల సంగతి. కాఫీ తాగాక అడిగేది లడ్ల సంగతి. మూడో ప్రశ్న వేసే చుట్టం దొరకడం మా ఊళ్ళో అరుదు.

అటువంటి అరుదైన చుట్టం మా బావమరిది. ఉద్యోగం భిలాయిలో. ఇంజనీరు. కట్టడాలంటే పిచ్చి. నాకూ ఆ పిచ్చి కాస్త వుంది గనక మా ఇద్దరికీ బాగా కుదురుతుంది. మేమిద్దరం కలిసి గుడికి వెళ్ళామంటే మా ఆవిడ మూడు ప్రదక్షిణాలూ ముగించి, ప్రసాదం తిని, చెప్పులు తొడుక్కుని వచ్చి నిలబడేసరికి మేమింకా మొదటి స్తంభం దగ్గరే వుంటాం.

ఈసారి వచ్చినప్పుడు అతన్ని శ్రీకాళహస్తికి తీసుకువెళ్ళాను. గాలిగోపురం ముందు నిలబడి, మెడ వెనక్కి వాల్చి, అంతస్తులు ఏడూ లెక్కపెట్టాడు. ఆనందంగా ఒక నిట్టూర్పు విడిచి, "ఎన్నాళ్ళ నాటిది బావా?" అన్నాడు.

"2017 నాటిది" అన్నాను.

అతని మెడ టక్కున కిందికి దిగింది. "అయితే డూప్లికేటా!" అన్నాడు.

ఆ మాట నాకు నచ్చలేదు. కాదనడానికి అప్పటికప్పుడు జవాబూ తోచలేదు. మా ఆవిడ మట్టుకు, "లోపలున్న స్వామి డూప్లికేటు కాదుగా, పదండి" అని ముందుకు నడిచింది. ఆడవాళ్ళకు ఇటువంటి చిక్కు ప్రశ్నలు క్షణంలో తెమిలిపోతాయి. మావంటి వాళ్ళకే తెమలవు.

కాళహస్తి గోపురం కథ ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించాడు. కింద రాయి, పైన ఇటుకా సున్నమూ, ఆపైన గారతో చేసిన బొమ్మలు. ఆ కాలపు పెద్ద గోపురాలన్నీ ఆ పద్ధతివే. దాదాపు ఐదు వందల ఏళ్ళు నిలబడి, 2010 మే 26వ తేదీ రాత్రి కూలిపోయింది. గోపురం నెర్రెలు విచ్చివున్నదని అంతకు ముందే అందరికీ తెలుసు. నెర్రె మరీ పెద్దదయ్యాక చుట్టుపక్కల జనాన్ని తప్పించారు గనక మనుషులు బతికిపోయారు. రాయలు మిగల్లేదు. మళ్ళీ ఏడంతస్తులతో కొత్త గోపురం లేచి, 2017 ఫిబ్రవరిలో కుంభాభిషేకం జరిగింది.

ఆ సాయంకాలం ఇంటికి వచ్చి కూర్చున్నాం. లోపల మా అమ్మాయి సంగీతం సాధన చేస్తూ అన్నమాచార్యుల సంకీర్తన ఒకటి ఎత్తుకుంది. మా బావమరిది కళ్ళు మూసుకుని, కుర్చీ చేతి మీద తాళం వేసి, పాట అయ్యాక, "అసలు సరుకంటే ఇదీ బావా! గోపురం పోయినా పాట పోలేదు చూశారా? ఐదు వందల ఏళ్ళుగా అలాగే వున్నది" అన్నాడు.

అప్పుడు దొరికింది నాకు జవాబు.

"మాట ఐదు వందల ఏళ్ళ నాటిదే. వరస ఎన్నాళ్ళ నాటిదనుకున్నావు?" అన్నాను.

అతను కళ్ళు తెరిచాడు.

తెలుగు చెప్పుకుని బతికేవాణ్ణి గనక ఈ సంగతి కాస్త విప్పి చెప్పక తప్పదు. అన్నమాచార్యులు 1408లో తాళ్ళపాకలో పుట్టి, 1503లో పరమపదించాడు. ముప్పైరెండు వేల సంకీర్తనలు చెప్పాడని ప్రతీతి. కొడుకు పెదతిరుమలాచార్యులు వాటిని రాగిరేకుల మీద చెక్కించాడు. తిరుమల ఆలయంలోనే, ఇప్పుడు హుండీ వున్న చోటికి దగ్గరలో, ఒక చిన్న రాతి అరలో ఆ రేకులను భద్రపరిచారు. ఆ అర వాకిలికి అటూ ఇటూ తండ్రీ కొడుకుల విగ్రహాలు చెక్కి వున్నాయి. తరువాత రాజ్యాలు మారాయి. ఆ అర సంగతి జనం మరచిపోయారు. 1922లో రేకులు మళ్ళీ వెలుగు చూశాయి. శాసనాల పరిశోధకులు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారూ, ఆయన తరువాత వేటూరి ప్రభాకరశాస్త్రి గారూ, ఇంకా ఎందరో పండితులూ వాటిని చదివి, ఎత్తి రాసి, అచ్చు వేయించారు. చెప్పినవాటిలో సగం కూడా మనకు దక్కలేదు. దక్కినవే వేలకు వేలు.

నా కంటికి తిరుమలలో వున్న కట్టడాల్లో ఆ చిన్న అరే పెద్దది. గోపురం పది మైళ్ళ దూరానికి కనబడాలని కడతారు. ఇది ఎవరికీ కనబడకుండా తన పని తాను చేసింది.

అయితే ఆ రాతి గదికి కూడా సాధ్యం కానిది ఒకటి వుంది. రేకు మీద పాటకు పైన రాగం పేరు చెక్కారు. పాడే తీరు చెక్కలేదు. అన్నమయ్య కొండమలహరి ఎలా పాడాడో, అబాలి ఎలా పాడాడో, అమరసింధు అనే రాగం చెవికి ఎలా వుండేదో రాగి చెప్పదు. రాగం పేరు తెలిసినంత మాత్రాన పాట తెలిసినట్టు కాదు. ఇంటి తలుపు మీద పేరుపలక చదివినంత మాత్రాన ఇంటాయన గొంతు వినబడుతుందా?

అప్పుడు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారు వచ్చారు. అనంతపురం జిల్లా రాళ్ళపల్లిలో 1893లో పుట్టినవారు. మైసూరు మహారాజా కాలేజీలో ఏళ్ళ తరబడి తెలుగు చెప్పినవారు. సంగీతమూ సాహిత్యమూ సమానంగా పండిన మనిషి. మైసూరు కొలువు ముగిశాక తిరుపతికి వచ్చి, రేకుల మీది పాటలను పరిష్కరించి, నూరుకు పైగా సంకీర్తనలకు స్వరాలు కూర్చారు. 1979 మార్చి 11న కన్నుమూశారు. ఆ తరువాతా ముందూ బాలమురళీకృష్ణ గారు, నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారు మరెన్నింటికో వరసలు కట్టారు. మనం పెళ్ళిళ్ళలో వినేదీ, టీవీలో వచ్చేదీ, మన పిల్లలు పోటీల్లో పాడేదీ చాలామట్టుకు వీళ్ళు కట్టినదే.

"ఈ లెక్కన మీ మేనకోడలు పాడిన పాట కూడా కాళహస్తి గోపురం వంటిదే. మూలం పాతది, పైకట్టు మన కాలానిది. దీన్నీ డూప్లికేటు అంటావా?" అన్నాను.

మా బావమరిది ఇంజనీరు గనక ఓటమి ఒప్పుకోవడానికి కొంచెం సేపు పట్టింది. "గోపురం కట్టినవాళ్ళకు పాతదాని ఫోటోలున్నాయి, దాన్ని చూసిన కళ్ళున్నాయి. రాళ్ళపల్లి వారికి అవీ లేవు. ఆ పనే కష్టం" అన్నాడు.

నిజమే. నా మట్టుకు డూప్లికేటు అంటే కొత్తది అని కాదు. తన పుట్టుక దాచుకునేది డూప్లికేటు. "నేను ఫలానా సంవత్సరంలో పుట్టాను, నన్ను ఫలానా వారు కట్టారు" అని నిజం చెప్పుకుంటే కొత్త గోపురమూ అసలైనదే, కొత్త వరసా అసలైనదే. కచేరీలో అన్నమాచార్యుల పేరు చెప్పేవారు వరస కట్టినవారి పేరు కూడా చెబితే నోరు అరిగిపోదు. గోపురం ముందు 1516 అని చెప్పేటప్పుడు 2010, 2017 కూడా చెబితే దేవుడికి తక్కువా కాదు.

మర్నాడు అతనికి అచ్చమైన పాతకట్టడం ఒకటి చూపించాలని చంద్రగిరికి తీసుకువెళ్ళాను. తిరుపతికి దగ్గరే. 1565 నాటి తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజ్యం పెనుకొండకూ, ఆపైన ఈ చంద్రగిరికీ తరలివచ్చింది. అక్కడి రాజమహలు మూడంతస్తుల మేడ. రాయి, ఇటుక, సున్నం తప్ప కొయ్య వాడలేదు. కింద సుల్తానుల ఫక్కీ కమానులు, పైన గుడి ఫక్కీ శిఖరాలు. ఒకే రాగమాలికలో రెండు రాగాలు పొరపొచ్చాలు లేకుండా ఇమిడినట్టు వుంటుంది.

"ఇదైనా అసలుదేనా?" అని అనుమానంగా అడిగాడు.

అసలుదే. కాని ఎవరూ ముట్టుకోకపోతే ఇదీ నిలిచేది కాదు. పురావస్తుశాఖ వారు కాపాడుతున్నారు. లోపల మ్యూజియం పెట్టారు. పాత కట్టడం నిలబడి వుందంటే ఎవరో ఎప్పటికప్పుడు దాని నెర్రెలు పూడుస్తున్నారనే అర్థం.

ఈ విద్య నాకు నేర్పింది పుస్తకాలు కావు. ఒక ముసలి మేస్త్రీ. ఒకప్పుడు మా ఊరి గుడి శిఖరం మీద సున్నం పని చేస్తుండగా పలకరించాను. గానుగ సున్నంలో కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపి ఎంతసేపు నలగనివ్వాలో చెప్పి, శిఖరం సందులో మొలిచిన బెత్తెడు రావి మొక్క చూపించాడు.

"దీన్ని చూసినారా సార్? ఈ పొద్దు గోటితో గిల్లితే వస్తాది. ఐదేండ్లు పోతే గొడ్డలి కావాల. ఇరవై ఏండ్లు పోతే శిఖరమే దానిది. నెర్రె సన్నంగా ఉండేటప్పుడే చూసుకోవాల" అన్నాడు.

చూసుకోకపోతే ఏమవుతుందో కాళహస్తి చెప్పింది. కూలిపోవడానికి నెర్రెలే కానక్కరలేదు. తిరుమలలో శ్రీవారి ఆలయం ఎదుట వుండిన వేయికాళ్ళ మండపాన్ని 2003లో మాస్టర్ ప్లాను కింద తీసేశారు. కాళహస్తిలో పోయినదాని చోట మరొకటైనా లేచింది. ఈ మండపాన్ని చూసినవారు మా పిల్లలకు చెప్పబోతే, "ఎక్కడ?" అని ఖాళీ చోటు చూస్తారు.

గుడులూ గోపురాలూ మన చేతిలో వున్నవి కావు, మనమేం చేయగలం అని మీరనవచ్చు. అందుకే చివరి సంగతి ఇంటిలోది చెబుతాను.

మా ఆవిడ పుట్టింటి వైపు ఒక పాత నోటుబుక్కు వుంది. వాళ్ళ అమ్మమ్మ చేతిరాత. పెళ్ళిపాటలు, మంగళహారతులు, లాలిపాటలు, అప్పగింతల పాటలు కలిపి అరవైకి పైగా వున్నాయి. గుండ్రటి అక్షరాలు, ఒక్కటీ చెరిగిపోలేదు. రాగం పేర్లు కూడా లేవు. ఆవిడకు రాగాల పేర్లతో పని ఏముంది? ఆ కుటుంబంలో ఈమధ్య ఒక పెళ్ళి జరిగింది. అప్పగింతల వేళ ఆ పాట పాడాలన్నారు. ముగ్గురు అత్తయ్యలు ముందుకు వచ్చారు. ముగ్గురూ మూడు వరసల్లో ఎత్తుకున్నారు. "అమ్మ ఇలా పాడేది" అని ఒకరు, "కాదక్కా, పైకి పోయి దిగేది" అని ఒకరు. చిన్నావిడ ఏమీ అనకుండా రెండో చరణం ఒంటరిగా పాడింది. అప్పటిదాకా వాదించిన ఇద్దరూ కొంగులు కళ్ళకు అద్దుకుని, "ఆఁ, ఇదే, ఇదే" అన్నారు. మూడో చరణం వరస ఆమెకూ రాలేదు.

ఆ నోటుబుక్కు మా ఇంటి రాగిరేకు. అందులో మాట వున్నది, వరస లేదు. ఆ చిన్న అత్తయ్యకు ఇప్పుడు డెబ్బైఎనిమిదేళ్ళు.

అన్నమయ్య కాలంలో గొంతును దాచే సాధనం లేదు. తండ్రి పాటలను రాగిలో పెట్టడమే కొడుకు చేయగలిగిన పని. దాన్ని నిండుగా చేశాడు. మనకు ఆ కొరత లేదు. ప్రతి ఇంట్లో నాలుగు ఫోన్లున్నాయి. దర్శనం క్యూలో నిలబడి తమ మొహం తామే పది ఫోటోలు తీసుకునే ఫోన్లు అవి. ఈ ఆదివారం దానిలో ఒకదాన్ని అమ్మమ్మ ముందో, మేనత్త ముందో పెట్టి, "ఆ హారతి పాట ఒకసారి పాడు" అనండి. మొదట సిగ్గుపడుతుంది. గొంతు బాగాలేదంటుంది. కాసిని వేడి నీళ్ళిచ్చి మళ్ళీ అడగండి. పాట అయ్యాక, ఎవరి దగ్గర నేర్చుకున్నదీ, ఏ ఊళ్ళో పాడుకునేవాళ్ళో కూడా ఆవిడ నోటనే చెప్పించండి. పేరూ తేదీ రాసి పెట్టండి.

మా అమ్మాయి ఆ పని మొదలుపెట్టింది. చిన్న అత్తయ్య ఇంతవరకు పదకొండు పాటలు పాడింది. మిగిలినవాటికి మళ్ళీ సంక్రాంతికి రమ్మన్నదట. అంతదాకా ఆగవద్దనీ, వచ్చే ఆదివారమే వెళ్ళమనీ చెప్పాను.