ఊయల నుండి విమానం దాకా

మానవునికి రెక్కలు లేవు. ఎగరాలన్న కోరిక మాత్రం అనాదిగా ఉన్నది. పదహారవ శతాబ్దిలో పింగళి సూరన రచించి నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చిన ‘కళాపూర్ణోదయం’లో, ఊయల ఊగుతున్న కలభాషిణి ఆకాశమార్గాన విమానంలో సాగిపోతున్న రంభానలకూబరులను చూస్తుంది. ఊయల నేలను విడిచిపోదు; అయినా గాలిలో తేలిన అనుభూతినిస్తుంది. నేటి కంప్యూటర్ ఫ్లైట్ సిమ్యులేటర్ కూడా అటువంటి ఊయలే.

2015లో కడప విమానాశ్రయం నుండి ప్రయాణికుల విమానాలు తిరిగి ప్రారంభమైనాయి. 2021 మార్చి 28న కర్నూలు సమీపంలోని ఓర్వకల్లు నుండి విమానాల రాకపోకలు మొదలైనాయి. ఆ విమానాశ్రయం ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరును ధరించింది. తలపై విమానం పోతుంటే మన సీమ పిల్లలకు పైలట్ కావాలన్న ఆశ కలగడం సహజం. “సార్, ఏ సిమ్యులేటర్ మంచిది?” అని విద్యార్థులు అడుగుతుంటారు. “నీ ఇంటికి, నీ కంప్యూటర్‌కు ఏది తగినది?” అన్న ప్రశ్న దానికంటె ముందు రావాలని నా అభిప్రాయం.

ఈ సాధనం ఆటవస్తువుగా పుట్టలేదు. 1929 ప్రాంతంలో అమెరికాకు చెందిన ఎడ్విన్ లింక్, తన తండ్రి ఆర్గన్ వాద్యాల కర్మాగారంలో నేర్చిన విద్యతో, గాలితిత్తుల సాయంతో కదిలే శిక్షణ యంత్రాన్ని నిర్మించాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో లక్షలాది వైమానికులు దానిపై శిక్షణ పొందారు. 1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ ‘ఫ్లైట్ సిమ్యులేటర్’ను విడుదల చేయడంతో ఆ విద్య ఇంటి బల్లపైకి వచ్చింది.

నేడు ప్రారంభకుని ముందు మూడు ముఖ్యమైన మార్గాలున్నాయి. మైక్రోసాఫ్ట్ వారి 2024 సిమ్యులేటర్ దృశ్యవైభవంలో మిన్న. కాని దానికి కనీసం 16 జీబీ ర్యామ్, మంచి గ్రాఫిక్స్ కార్డు, వేగవంతమైన ఇంటర్నెట్ కావాలి. ‘ఎక్స్-ప్లేన్’ విమానగమన సూత్రాలను అనుసరించడంలో పేరుపొందింది. పరిమితమైన నమూనాను ఉచితంగా పరీక్షించి, నచ్చితే కొనవచ్చు. ‘ఫ్లైట్‌గేర్’ పూర్తిగా ఉచితం. స్వచ్ఛంద కార్యకర్తల సమష్టి కృషి. దృశ్యాలు అంత మనోహరంగా ఉండకపోవచ్చు గాని, సాధారణమైన కంప్యూటర్‌పైనా తొలిపాఠాలు నేర్పగలదు.

“కళ్ళకు ఇంపుగా లేనిదే ఉత్సాహం ఎట్లా కలుగుతుంది?” అని కొందరంటారు. ఆ మాటలో కొంత నిజమున్నది. అయితే వేరుశనగ చేను వానచినుకు కోసం ఎదురుచూసే ఇంట, కుమారుని ముచ్చట కోసం తండ్రి అప్పుచేసి ఖరీదైన కంప్యూటర్ తేవడం ఏమి న్యాయం? ముందుగా ఉచితమైనదానితో మూడు నెలలు సాధన చేయాలి. ఆసక్తి అప్పటికీ నిలిస్తే, స్తోమతను బట్టి ముందుకు సాగవచ్చు. నిలవకపోతే నష్టమేమీ లేదు.

సాధనకు కూడా ఒక క్రమమున్నది. భారీ జెట్ విమానాలను వదిలి, సెస్నా 172 వంటి చిన్న విమానంతో ఆరంభించాలి. సమతలంగా ఎగరడం, మలుపు తిరగడం, ఎక్కడం, దిగడం ఒకదాని తరువాత ఒకటి అలవరచుకోవాలి. తొలుత కీబోర్డు, మౌస్ చాలు. చేయి కుదిరిన తరువాత సామాన్యమైన జాయ్‌స్టిక్ కొనవచ్చు.

ఒక హెచ్చరిక. ఇంటి కంప్యూటర్‌పై గడిపిన గంటలు పైలట్ లైసెన్సుకు లెక్కకు రావు. తెరపై విమానం కూలితే ఒక మీట నొక్కి మళ్ళీ మొదలుపెట్టవచ్చు. నిజమైన ఆకాశంలో ఆ అవకాశం లేదు. 2009 సెప్టెంబరు 2న నల్లమలలో హెలికాప్టర్ కూలి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డితోపాటు మరి నలుగురు మరణించిన విషాదాన్ని మన జిల్లాలు మరువలేదు. కనుక సిమ్యులేటర్‌లో మబ్బును, గాలిని, ఇంధనాన్ని లక్ష్యపెట్టనివాడు ఆట నేర్చినవాడే గాని విద్య నేర్చినవాడు కాడు.

తగినదాన్ని ఎంచుకోవడం, ఓర్పుతో సాధన చేయడం, హద్దును ఎరగడం అనే ఈ మూడు గుణాలు అలవడితే, పైలట్ కాకపోయినా ఆ విద్యార్థి శ్రమ వృథాపోదు. ఊయల ఊగిన వారందరూ విమానమెక్కకపోవచ్చు. ఊగడం నేర్చినవాడు మాత్రం తాడును గట్టిగా పట్టుకోవడం నేర్చుకుంటాడు.