యుద్ధచిత్రమును చూచిన పిమ్మట

“పిల్లలకు యుద్ధమును గూర్చిన చిత్రములు చూపుట మంచిదా? వారి లేతమనసులు కలత చెందవా?” అని ఈ సంవత్సరము కొందఱు తల్లిదండ్రులు నన్నడిగిరి. అడుగుట న్యాయమే. చిత్రమును చూపి, గంట కొట్టగానే పిల్లలను ఇండ్లకు పంపివేయుదుమేని చూపకుండుటయే మేలు. చూచుటకెంత కాలము పట్టునో, గుంపులుగా కూర్చుండి దానిని గూర్చి మాటలాడుకొనుటకును అంత కాలమియ్యవలెను. ఆ సంభాషణమును నడపు ఉపాధ్యాయుడెట్లుండవలెనో నేను నేర్చుకొనినదానిని ఇందు విన్నవించుచున్నాను.

పదవ తరగతివారికి మేము చూపినది 2003వ సంవత్సరమున వెలువడిన “ది ఫాగ్ ఆఫ్ వార్” అను డాక్యుమెంటరీ చిత్రము. దానిని తీసినవారు ఎర్రల్ మోరిస్. ఇందు ముఖ్యముగా మాటలాడువారు రాబర్ట్ మక్నమారా. ఆయన 1961 మొదలు 1968 వఱకు అమెరికా రక్షణమంత్రిగా నుండి వియత్నాం యుద్ధమును నడపినవారిలో నొకడు. అంతకు పూర్వము, రెండవ ప్రపంచయుద్ధకాలమున, ఆయన సైన్యమునందు లెక్కలు చూచువాడు. బాంబువిమానములు ఏ విధముగా ఎక్కువ పని సాధింపగలవో గణించి చెప్పుట ఆయన వంతు. 1945 మార్చి 9వ తేదీ రాత్రి అమెరికా విమానములు టోక్యో నగరముపై నిప్పుబాంబులు కురిపించెను. ఆ యొక్క రాత్రిలో ఇంచుమించు లక్షమంది మరణించిరి. తాము ఓడియుండినచో తమ్మును యుద్ధనేరస్థులుగా విచారించియుందురని సేనాని లెమే యనెనని మక్నమారా చెప్పును. గెలుపోటములనుబట్టి ధర్మము మాఱునా యని తానే యడుగును.

చిత్రము ముగిసినంతనే ఒక బాలుడు లేచి, “1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారు మన విశాఖపట్టణముపైని, కాకినాడపైని బాంబులు వేసిరి గదా! వారికి తగిన శాస్తియే జరిగినది” అనెను. వెంటనే ఖండింపవలెనని నాకు తోచెను, కాని ఊరకుంటిని. కొంతసేపటికి ఒక బాలిక, “మనపై బాంబు వేసినవాడును, టోక్యోలో ఉయ్యెలలో నిద్రించు బిడ్డయు ఒక్కడేనా?” అని యడిగెను. ఆ మాట నేననియుండినచో ఉపదేశమై పోయెడిది. ఆమె యనుటచేత అది వారి తలంపాయెను.

మఱియొక గుంపువారు, “ఆయన బాంబు వేయలేదు, లెక్క మాత్రమే కట్టెను” అని వాదించుచుండిరి. అప్పుడు వెనుక బెంచీలో కూర్చుండు పిల్లవాడొకడు మెల్లగా ఇట్లనెను: “మాష్టారూ, మీరు లేనప్పుడు లీడరు నల్లబల్లపై పేర్లు వ్రాయును. మీరు వచ్చి మమ్మును ఎండలో నిలువబెట్టుదురు. అతడు నేను వ్రాసితినే గాని నిలువబెట్టలేదనును. మీరు పేరున్నది గనుక నిలువబెట్టితిననెదరు. మఱి మమ్మును నిలువబెట్టినదెవరు?”

తరగతి యంతయు నవ్వెను. నాకు మాత్రము నవ్వు రాలేదు. విచారింపక శిక్షించుట నా తప్పేయని వారి యెదుట ఒప్పుకొంటిని. అంతట లీడరు తల వంచుకొని, తనకు గిట్టనివాని పేరు రెండు పర్యాయములు ఊరకనే వ్రాసితినని చెప్పెను. అటుపిమ్మట జరిగినదే నిజమైన సంభాషణము. ఆ పేర్ల పట్టికను ఆనాడే మాన్పించితిని.

టోక్యో దహనమునకును మా నల్లబల్లకును పోలిక యేమున్నది? నష్టమునందు ఏమియు లేదు. తప్పించుకొను త్రోవ మాత్రము ఒక్కటే. ఆజ్ఞ ఒకరిది, లెక్క ఒకరిది, చేయి వేఱొకరిది; కడపట పాపము ఎవరిదియు కాదు. పిలాతు నీళ్లు తెప్పించుకొని చేతులు కడుగుకొనిన కథ మన పాఠశాలలో ఎఱుగనివారు లేరు.

చిత్రాంతమున మోరిస్ వియత్నాం విషయమై బాధ్యతను గూర్చి అడుగగా, మక్నమారా ఇంకేమియు చెప్పనొల్లడు. “ఆయన దోషియా, నిర్దోషియా? మీరే చెప్పుడు” అని పిల్లలు నన్ను నిర్బంధించిరి. నేను చెప్పలేదు. 2009లో గతించిన యొక పరదేశీయునికి తీర్పు చెప్పి ఇంటికి పోవుట మిక్కిలి సులభము. అంతటితో మన పని తీరినదనుకొందుము. కావున ఇట్టి సంభాషణమును నడపువాడు అందఱికంటె కడపట మాటలాడవలెను. తన తప్పును ఒప్పుకొనుటలో మాత్రము అందఱికంటె ముందుండవలెను.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు చిత్రమును చూచి ఇంటికి వచ్చి కష్టమైన ప్రశ్నలు వేసినచో కోపగింపకుడు. వారి మనసు కలత చెందినమాట నిజమే. లక్షమంది మరణమును విని కలత చెందని మనసును తయారుచేయుటకు మనము పాఠశాలను పెట్టుకొనలేదు గదా!