రాతలో లేనోడికి భూమి యాడిది?

పుస్తకాలు చదివే దళితుడంటే రెండు వైపులా లోకువే. అగ్రవర్ణ మేధావికి వాడు ‘రిజర్వేషన్లో చదివినోడు’. వాడలోని మనోళ్లకు ‘పనీపాటా లేనోడు’. ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ, బూర్గంపాడు మీదుగా భద్రాచలం పోయే ఈ అడవి అంచున ఇంకో మాట కూడా పడాలె: ‘తునికాకు కట్ట కట్టే చేతికి పుస్తకం దేనికిరా?’ ఆ ప్రశ్నకు జవాబుగానే ఈ నాలుగు మాటలు. ఈ మధ్య చదివిన పుస్తకాల్ని ముందేసుకుని చెబుతా. వాటిలో కవిత్వముంది, నవలలున్నాయి, బతుకుకథలున్నాయి, ఒక తెల్లదొర పరిశోధన ఉంది, ఆఖరికి ఒక చట్టం కూడా ఉంది. చట్టాన్ని పుస్తకాల వరసలో ఎందుకు పెట్టావని ఇప్పుడే అడక్కండి.

శైలి బాగుందా, శిల్పం బాగుందా అని తూకం వేసే విమర్శకుణ్ణి కాదు నేను. ఏ పుస్తకం పట్టినా ఒక్క లెక్క చూస్తా. ఇందులో ఎవరి పేరు రాతలోకి ఎక్కింది? ఎవరిది ఎక్కలేదు? ఎక్కనోడికి ఏం నష్టం జరిగింది? పహాణీ చూసినట్టు చూస్తా. మన తాతల్ని ముంచింది పట్వారీ రాతే గనక మనకు ఈ చూపు తప్పదు.

ముందు జాషువా. ‘గబ్బిలం’ 1941లో వచ్చింది. గుళ్లో అడుగు పెట్టడానికి వీల్లేని అరుంధతీసుతుడు తన గోడు శివుడి చెవిన వెయ్యమని గబ్బిలాన్ని బతిమాలుతాడు. గబ్బిలానికి గర్భగుడి దాకా దారుంది, మనిషికి లేదు. బళ్లో ఈ కావ్యాన్ని పద్యాల అందం కోసం చదివిస్తారు. అందం ఉంది, ఎవరు కాదన్నారు? కానీ ఆ మనిషి చేతిలో కాగితం లేదు, కలం లేదు. ఉన్నది నోటిమాట. అదీ ఇంకొకరు మోసుకుపోవాలె. కాగితం లేనోడి అర్జీ అది.

54 ఏళ్ల తర్వాత, 1995లో, జి. లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ సంపాదకులుగా ‘చిక్కనవుతున్న పాట’ వచ్చింది. ఆ కవిత్వానికి వెనక 1985 కారంచేడు ఉంది, 1991 చుండూరు ఉంది. ఇక్కడ అర్జీ లేదు, నిలదీత ఉంది. మధ్యవర్తి గబ్బిలం లేదు. చెప్పేవాడూ రాసేవాడూ ఒక్కడే. మన సాహిత్యంలో ఇంతకంటే పెద్ద మార్పు ఏముంది? బతిమాలే నోరు ప్రశ్నించే నోరయింది.

జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ (2000) చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. రూతు అనే ముసలామె జ్ఞాపకంలోంచి తరాల కథ నడుస్తుంది. ఎల్లన్న పాట, ఆట, కరువు, బకింగ్‌హాం కాలవ తవ్వకానికి పోయిన బతుకులు. ఇవన్నీ ఏ రెవెన్యూ కచేరీ దస్త్రంలో దొరుకుతాయి? కాలవ తవ్వించిన ఇంజనీరు పేరు దొరుకుతుంది. తట్ట మోసినామె పేరు దొరకదు. సర్కారు రాసుకోనిదాన్ని ఒక ముసలామె గుర్తుపెట్టుకుంది, ఆ గుర్తును రచయిత పుస్తకం చేశాడు.

భూమి సంగతి సూటిగా చెప్పిన పుస్తకం వై.బి. సత్యనారాయణ ‘మా నాయన బాలయ్య’. ఇంగ్లీషులో 2011లో వచ్చింది, తర్వాత తెలుగైంది. కరీంనగర్ వైపు వంగపల్లిలో ఆ కుటుంబానికి నిజాం ఇచ్చిన భూమి ఉండాలె. దొర చేతిలోకి పోయింది. నిజాం ఇచ్చినా దొర ఉంచుకోనివ్వలేదంటే ఊళ్లో ఎవరి రాజ్యం నడిచిందో అర్థం చేసుకోండి. ఆ దెబ్బకే వాళ్లు ఊరిడిచి రైలు పట్టాల మీద పనికి పోయారు. ఆ పని, దాని వెంట వచ్చిన చదువు ఆ ఇంటిని వెట్టి నుంచి తప్పించాయి. మా వైపు రైలు చేసిన పని ఇల్లందు, కొత్తగూడెం బొగ్గుబాయిలు చేశాయి. నెలజీతం, క్వార్టరు, దొర పేరెత్తకుండా బతికే వీలు. కానీ బొగ్గుబాయి దిగిన మాల మాదిగల తరాల కథ బాలయ్య కథంత వివరంగా నా చేతికింకా రాలేదు. బాయిలో పనిచేసి రిటైరైన మనిషి ప్రతి వాడలోనూ ఉన్నాడు. అడిగేవాడే లేడు.

అడిగితే ఏమవుతుందో గోగు శ్యామల చేసి చూపించింది. ‘నేనే బలాన్ని’ (2011) టి.ఎన్. సదాలక్ష్మి గారి బతుకుకథ. ఆంధ్రప్రదేశ్ శాసనసభకు డిప్యూటీ స్పీకరైన మనిషి, మంత్రి, ముసలితనంలో కూడా దండోరా వెంట నడిచిన మనిషి. 2004లో పోయింది. ఆమె మాటల్ని పట్టి రాయకపోతే ఇవాళ మనకు మిగిలేది పాత అసెంబ్లీ జాబితాలో ఒక పేరు. అంత పెద్ద పదవి చేసినామె గతే అట్లయితే, నాట్లేసి కలుపుతీసిన మన అమ్మల గతేంది?

ఇక అడవిలోకి పోదాం. బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ ‘ఆరణ్యక్’ను సూరంపూడి సీతారాం ‘వనవాసి’గా తెలుగు చేశారు. బెంగాల్ నుంచి బీహారు అడవికి ఎస్టేటు మేనేజరుగా పోయిన చదువుకున్న యువకుడు అడవిని కౌళ్లకిచ్చి, అది కళ్లముందే నరుకుడుపడి చేలయిపోతుంటే బాధపడతాడు. ఆ బాధ నిజాయితీగలదే. అడవిని చంపినవాళ్లలో తానూ ఉన్నానని ఒప్పుకుంటాడు. అయితే మేనేజరుకు పోయింది అందం. అక్కడి ఆదివాసి రాజుకు పోయింది రాజ్యం. కౌలుకొచ్చిన పేదోడికి కావలసింది జొన్నగింజ. ముగ్గురి బాధా ఒకటి కాదు. కౌలుకాగితం మీద సంతకం మాత్రం మేనేజరుది. మా అడవి అంచున ఇప్పటికీ అదే ముగ్గురి కథ నడుస్తోంది.

మా అడవి మీదే రాసిన పుస్తకం ఒకటుంది. వియన్నాలో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోయిన హైమన్‌డార్ఫ్ రాసిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ (1945). బైసన్ హిల్స్ అంటే మన పాపికొండలు. రెడ్లంటే పటేళ్లు కాదు, పోడు కొట్టుకు బతికే కొండరెడ్లు. వెదురు, కలప కంట్రాక్టర్లు వాళ్లను అప్పులోకి దించి ఎట్లా కట్టిపడేసుకున్నారో ఆయన దగ్గరుండి చూసి రాశాడు. ఆ పుస్తకం వాళ్ల మీద, వాళ్లే అందులో కేంద్రం. అది న్యాయమే. కానీ అదే కాలంలో ఈ అంచున డప్పు కొట్టి, చెప్పు కుట్టి, మగ్గం నేసి, చేను కావలి కాసి బతికిన మాదిగ, మాల, నేతకాని ఇళ్ల మీద అంత శ్రద్ధగా రాసిన పుస్తకం నేను చదివినవాటిలో లేదు. అడవి మీద రాసేవాళ్లకు ఆదివాసి కనబడతాడు. దళితుల మీద రాసేవాళ్లకు ఊరవతలి వాడ కనబడుతుంది. అడవిలో ఉన్న వాడ ఎవరికీ కనబడదు.

మనవైపు లోటూ చెప్పుకోవాలె. బాబాసాహెబ్ ‘కులనిర్మూలన’ (1936)లో ఆదివాసుల ప్రస్తావన ఉంది. దేశంలో కోటీ ముప్పై లక్షల మందిని హిందూ సమాజం తనకేమీ పట్టనట్టు ఎందుకు వదిలేసిందని ఆయన నిలదీస్తాడు. కులం ఉన్నచోట పక్కమనిషి మీద ప్రేమ పుట్టదన్నది ఆయన వాదం. వాదం సరైందే. కానీ ఆదివాసిని నాగరికత అందనివాడుగా చూడటం ఆ కాలపు మాట. ఆ మాటను మనం ఇవాళ యథాతథంగా మొయ్యనక్కర్లేదు. బాబాసాహెబ్‌ను పూజించేవాళ్లు ఎక్కువయ్యారు, చదివేవాళ్లు తక్కువయ్యారు. చదివితే ఎక్కడ ఆయన్ని దాటి అడుగెయ్యాలో కూడా ఆయనే నేర్పుతాడు.

భద్రాచలం స్థలపురాణం కూడా తిరగేశాను. అదీ పుస్తకమే కదా! భద్రిరెడ్డిపాలెం ఆదివాసి స్త్రీ పోకల దమ్మక్క పుట్టలో విగ్రహాలు చూసి, పందిరేసి, పండు పెట్టి పూజించిందని అందులోనే ఉంది. తర్వాత నేలకొండపల్లి కంచర్ల గోపన్న గుడి కట్టించాడు, గోలకొండ చెరలో పడ్డాడు, రామదాసయ్యాడు. కీర్తనలు ఆయనవి, శతకం ఆయనది. దమ్మక్క కథ మొదట్లో కనబడి పక్కకు తప్పుకుంటుంది. కొలిచినామె పందిరితో ఆగిపోయింది, లెక్కలు రాసే తాసీల్దారు చరిత్రకెక్కాడు.

ఇప్పుడు చట్టం. 2006 అటవీ హక్కుల చట్టం, 2008 జనవరిలో వచ్చిన దాని నిబంధనలు. ఈ పుస్తకాలన్నిట్లోకీ మనకు ఎక్కువ పనికొచ్చేది ఇదే. ఆదివాసి అయితే 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమి సాగులో ఉన్నట్టు చూపితే చాలు. ‘ఇతర సాంప్రదాయక అటవీ నివాసి’ అయితే, అంటే మనమైతే, ఆ తేదీకి ముందు మూడు తరాలు, తరానికి 25 చొప్పున 75 ఏళ్లు, అడవి మీద ఆధారపడి అక్కడే ఉన్నట్టు కూడా చూపాలె. అంటే 1930 నాటికి మీ తాత ఎక్కడున్నాడో రుజువు కావాలె.

1930లో మా తాతల చేతిలో ఏముంది? గోదారికి అవతల భద్రాచలం మద్రాసు ప్రెసిడెన్సీలో, ఇవతల బూర్గంపాడు, పాల్వంచ నిజాం ఇలాకాలో. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. 2014లో పోలవరం కోసం ఏడు మండలాల ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి. ఇన్నిసార్లు సరిహద్దు మారిన చోట కాగితం ఏ కచేరీలో వెతకాలె? 2023 జూన్‌లో తెలంగాణ సర్కారు పోడు పట్టాలు పంచింది, అవి గిరిజనులకు. వాళ్లకు రావలసిందే, ఇంకా రావలసింది చాలా ఉంది. మనోడు మాత్రం రుజువు దగ్గరే ఆగిపోయాడు.

ఇక్కడే మోసం మొదలవుతుంది. ‘చూశారా, అడవంతా కోయోళ్లకే, మీకు మట్టి కూడా లేదు. 1/70 తీసేస్తే మీకూ వస్తుంది’ అని చెవిలో ఊదేవాడు వస్తాడు. ఆ ఊదేవాడెవడు? ఏజెన్సీలో బినామీ పేర్లతో పొగాకు, మిర్చి తోటలు పెంచుకున్నోడే. 1970 నిబంధన ఆదివాసి భూమికి కంచె. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు ఆ కంచెను ఇంకా గట్టి చేసింది. కంచె తీస్తే లోపలికి పోయేది ట్రాక్టరున్నోడు. డప్పున్నోడు కాదు. మన భూమి కోసం కొట్లాట కోయ గుడిసె ముందు కాదు, బినామీ తోట ముందు జరగాలె.

మరి రుజువు సంగతి? నిబంధనల్లో 13వది తీసి నిదానంగా చదవండి. కచేరీ కాగితాలే కాదు, ఇంకా చాలా సాక్ష్యాలు ఒప్పుకుంటుంది. జనాభా లెక్కలు, గెజిటీర్లు, పేరున్న సంస్థల పరిశోధనలు. పాత బావులు, బొందలగడ్డలు, మొక్కుకునే చోట్లు. వంశవృక్షం. రాతపూర్వకంగా తీసుకున్న పెద్దల వాంగ్మూలం. వీటిలో ఒకటికి మించి ఉండాలె, గ్రామసభ వాటిని చూడాలె.

బొందలగడ్డ! ఊరు మనల్ని అంటరాని వాళ్లని చెప్పి చచ్చాక కూడా వేరే మూలకు తోసింది. ఆ మూలే ఇవాళ మన తాతలు ఇక్కడ ఉన్నారని సాక్ష్యం చెబుతుంది. వంశవృక్షమా? డక్కలోళ్లు మాదిగిళ్లకొచ్చి జాంబపురాణంతో పాటు చెప్పే వంశాల వరస ఏంది మరి? అడుక్కోవడానికొచ్చారని తరిమేశాం. మన దస్తావేజు వాళ్ల గొంతులో ఉంది. కోయల్లో డోలి వాళ్లదీ అదే పని. మణుగూరు వైపు సకిని రామచంద్రయ్య కోయభాషలో, తెలుగులో వాళ్ల వీరుల కథలు పాడాడు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు, 2024లో పోయాడు. అట్లాంటి గొంతు ఒకటి ఆగిపోతే ఎన్ని పుస్తకాలు కాలిపోయినట్టు?

పెద్దల వాంగ్మూలం గురించి నిబంధనలో ఒక ముక్క ఉంది. దాని మీద చాలాసేపు ఆగిపోయాను. అర్జీ పెట్టినవాడు కాక వేరే పెద్దలు చెప్పాలట. మాదిగోడి తాత ఇక్కడే ఉన్నాడని చెప్పగలిగే పెద్ద ఎవరు? పక్క గూడెంలోని కోయ ముసలాయన. ఆ తాత కుట్టిన చెప్పు తొడిగినోడు, ఆ డప్పు విని పండగ చేసినోడు. అట్లాగే కోయ ఇంటి పోడు ఎంత పాతదో చెప్పగలిగే పెద్ద మన వాడలో ఉన్నాడు. ఒకడి భూమికి ఇంకొకడి నోరు సాక్ష్యం. పక్కోణ్ణి శత్రువు చేసుకున్న రోజు మన సాక్ష్యాన్ని మనమే చంపుకున్నట్టు.

అందుకే చదవమంటున్నా. మన పుస్తకాలే కాదు, మన మీద రాసినవీ, మనల్ని వదిలేసి రాసినవీ చదవాలె. చదివి ఊరుకుంటే లాభం లేదు. పదో తరగతి చదివిన పిల్ల వాడకు ఒకతె ఉన్నా చాలు. రెండొందల పేజీల నోటుబుక్కు కొనివ్వండి. ముసలోళ్ల దగ్గర కూచోబెట్టండి. ఏ బావి ఎవరు తవ్వారు, ఎవర్ని ఎక్కడ పూడ్చారు, ఏ కరువుకు ఎవరొచ్చారు, ఏ దొర ఏ చెలక గుంజుకున్నాడు, రాయించండి. కింద కోయ పెద్ద వేలిముద్ర, మన పెద్ద వేలిముద్ర పక్కపక్కన వేయించండి. గ్రామసభలో అందరి ముందు చదివించండి.

తునికాకు కట్టే చేతికి పుస్తకం దేనికని అడిగినోళ్లకు నా జవాబు ఇదే. కట్ట లెక్క కల్లందారు రాసుకుంటాడు. మన లెక్క మనమే రాసుకోవాలె.