కాలి బలానికి గాలి తోడు

అమెరికా గ్రామసీమల్లో పికప్ ట్రక్కుకు ఉన్న స్థానం ఒకప్పుడు మన పల్లెల్లో ఎడ్లబండికి ఉండిన స్థానం వంటిది. పశువుల మేత మొదలు ఇంటి సామాను వరకు అన్నింటినీ మోసేది అదే. తండ్రి నుంచి కొడుక్కు, కొడుకు నుంచి మనుమడికి సంక్రమించిన ట్రక్కులు అక్కడ నేటికీ రోడ్ల మీద తిరుగుతున్నవి. 1967 నుంచి 1972 వరకు ఒకే రూపంలో వెలువడిన షెవ్రొలె సీ-10 అట్టి బండ్లలో మిక్కిలి పేరు పొందినది. దాని ఇంజనును విప్పి బాగుచేయవచ్చు, తుప్పు గోకి రంగు వేయవచ్చు. కాని పవర్ బ్రేకు లేకుండా తయారైన బండి అయితే ఒక చిక్కు మిగిలిపోతుంది. వయసులో ఉన్న రోజుల్లో యజమాని ఒక్క తొక్కుతో ఆపిన ఆ బండి, మోకాళ్ళు అరిగిన డెబ్బయ్యో ఏట ఆయన కాలికే లొంగదు. పక్కన కూర్చునే మనుమరాలి కాలికి అసలే లొంగదు.

అందుచేతనే పాత పికప్ ట్రక్కుకు పవర్ బ్రేకు అమర్చుకోవడం అక్కడ సర్వసాధారణమైన పని అయింది. అయితే ఈ పనికి పూనుకునేవారిలో చాలామంది, దీనితో బండి మునుపటికన్న తక్కువ దూరంలో ఆగుతుందని నమ్ముతారు. ఆ నమ్మకం ఎంతవరకు నిజమో తెలుసుకోవాలంటే బ్రేకు పనిచేసే తీరును కొంచెం పరిశీలించాలి.

సాధారణ బ్రేకులో పెడల్ ఒక మీట. దాని నిష్పత్తి 6కు 1 అనుకుందాం. పాదం 100 పౌన్ల బలంతో తొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ మీద 600 పౌన్ల బలం పడుతుంది. ఆ ఒత్తిడిని బ్రేక్ ఆయిల్ గొట్టాల గుండా నాలుగు చక్రాలకూ చేరవేస్తుంది. 1921లో అమెరికాలో డ్యూసెన్‌బర్గ్ కారు ఈ పద్ధతిని నాలుగు చక్రాలకూ వాడింది. ఇందులో బలమంతా మనిషి కాలిదే.

పవర్ బ్రేకు ఆ కాలికి గాలిని తోడు తెస్తుంది. మన చుట్టూ ఉన్న వాతావరణం ప్రతి చదరపు అంగుళం మీద సుమారు 14.7 పౌన్ల బరువుతో ఒత్తుతూనే ఉన్నది. అన్ని వైపుల నుంచీ సమానంగా ఒత్తడం వల్ల మనకది తెలియదు. పెట్రోలు ఇంజను గాలిని పీల్చుకునే మార్గంలో, ఇంజను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు, వాతావరణం కంటె చదరపు అంగుళానికి దాదాపు 10 పౌన్లు తక్కువ ఒత్తిడి ఉంటుంది. బూస్టర్ అనబడే గుండ్రని డబ్బాను రబ్బరు పొర రెండు గదులుగా విభజిస్తుంది. బ్రేకు తొక్కనప్పుడు రెండు గదుల్లోనూ ఆ అల్పపీడనమే ఉంటుంది. తొక్కగానే వెనుక గదిలోకి బయటి గాలి ప్రవేశించి, పొరను ముందుకు నెడుతుంది. 9 అంగుళాల వ్యాసం గల పొర వైశాల్యం సుమారు 63 చదరపు అంగుళాలు. అంటే, నష్టాలను లెక్కలోకి తీసుకోకపోతే, 600 పౌన్లకు పైగా అదనపు బలం! బలిష్ఠుడైన మనిషి 100 పౌన్లతో తొక్కి సాధించినదాన్ని గాలి తానుగా చేసిపెడుతున్నదన్నమాట. 1928లోనే పియర్స్-యారో అనే ఖరీదైన అమెరికన్ కారులో ఇటువంటి సాధనం వచ్చింది. బరువు మోసే బండ్లకు మాత్రం అది చాలాకాలం అదనపు సొమ్ము చెల్లించి తీసుకునే సౌకర్యంగానే ఉండిపోయింది.

ఇక అసలు ప్రశ్న. ఇంత బలం తోడైతే బండి త్వరగా ఆగదా?

బండిని చివరకు ఆపేది బ్రేకు కాదు, రోడ్డును పట్టుకున్న టైరు. బ్రేకు చక్రాన్ని మాత్రమే ఆపుతుంది. పొడి రోడ్డు మీద మంచి టైరుతో గంటకు 30 మైళ్ళ వేగాన పోతున్న బండి, బ్రేకు పట్టిన క్షణం నుంచి సుమారు 13 మీటర్లలో ఆగగలదు. వేగం 60 మైళ్ళయితే ఆ దూరం రెట్టింపు కాదు, నాలుగు రెట్లు: 52 మీటర్లు. పాత బ్రేకును పూర్తి బలంతో తొక్కి చక్రాలను జారే స్థితి వరకు తీసుకురాగల మనిషికి, బూస్టర్ ఈ దూరంలో ఒక్క అడుగు కూడా తగ్గించదు. అంత బలంగా తొక్కలేని మనిషికి మాత్రం అది ప్రాణరక్షకమే. కనుక బూస్టర్ ఇచ్చేది ఆగే శక్తి కాదు. ఉన్న శక్తిని బలహీనమైన కాలికి సైతం అందుబాటులోకి తేవడమే దాని పని.

డ్రమ్ బ్రేకు, డిస్క్ బ్రేకుల మధ్య భేదం కూడా ఇక్కడే తెలుస్తుంది. తిరుగుతున్న డ్రమ్, లోపలి షూను తనతోపాటు లాక్కొని మరింత బిగుతుగా ఒత్తుకుంటుంది. అంటే తన పనికి తానే కొంత సాయం చేసుకుంటుంది. డిస్క్ బ్రేకుకు ఆ గుణం లేదు. కాని అది త్వరగా చల్లారుతుంది, కొండదారుల్లో వేడెక్కినా డ్రమ్ వలె పట్టు సడలించదు, తడిసినా త్వరగా తేరుకుంటుంది. షెవ్రొలె ఈ ట్రక్కులకు 1971 నుంచి ముందు చక్రాలకు డిస్కులు అమర్చింది. అంతకు ముందటి బండికి డిస్కులు పెట్టేవారికి బూస్టర్ అవసరం దాదాపు తప్పనిసరి అయ్యేది ఇందువల్లనే.

అమర్చే పనిలో ముఖ్యమైన జాగ్రత్తలు నాలుగు.

మొదటిది, పెడల్ నిష్పత్తి. బూస్టర్ లేని బండికి 6కు 1 సరిపోతుంది. ఉన్న బండికి సుమారు 4కు 1 చాలు. పాత నిష్పత్తిని అలాగే ఉంచి బూస్టర్ పెడితే, పాదం సోకీ సోకకముందే బ్రేకు పట్టేస్తుంది. ఖాళీ పికప్ వెనుక భాగం తేలిక కనుక, వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుపోయి బండి రోడ్డుకు అడ్డంగా తిరిగిపోతుంది.

రెండవది, మాస్టర్ సిలిండర్. 1967కు ముందటి షెవ్రొలె ట్రక్కుల్లో దీనికి ఒకే గది ఉండేది. ఎక్కడ గొట్టం చిట్లినా నాలుగు చక్రాల బ్రేకూ ఒక్కసారిగా పోయేది. బూస్టర్ పెట్టే సందర్భంలోనే ముందు, వెనుక చక్రాలకు వేర్వేరు గదులున్న సిలిండర్‌ను అమర్చుకోవాలి.

మూడవది, బూస్టర్‌కూ సిలిండర్‌కూ నడుమ ఉండే కడ్డీ పొడవు. అది వెంట్రుకవాసి ఎక్కువైనా బ్రేకు పూర్తిగా వదలదు. చక్రాలు రాసుకుంటూ వేడెక్కి చివరకు బిగుసుకుపోతాయి. తక్కువైతే పెడల్ వృథాగా లోనికి దిగుతుంది.

నాలుగవది, ముందు వెనుకల సమతూకం. ముందు డిస్కు, వెనుక డ్రమ్ ఉన్న బండిలో ఒత్తిడిని తగిన పాళ్ళలో పంచే వాల్వు ఉండి తీరాలి.

వీటన్నింటికంటె ముందు చేయవలసినది మరొకటి ఉన్నది. అరిగిన లైనింగులు, చిరిగిన రబ్బరు గొట్టాలు, కారుతున్న వీల్ సిలిండర్లు మార్చాలి. కుళ్ళిన గొట్టం మీద బూస్టర్ బలం పడితే అది మరింత త్వరగా చిట్లుతుంది.

మన దేశంలోనూ పాత జీపులకు ఈ మార్పు చేసుకోదలచేవారు ఉన్నారు. వారు ఒక భేదం గమనించాలి. డీజిల్ ఇంజను గాలిని అడ్డు లేకుండా పీల్చుకుంటుంది కనుక అందులో చెప్పుకోదగ్గ అల్పపీడనం ఏర్పడదు. దానికి వేరుగా వ్యాక్యూమ్ పంపు ఉండాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, రిజిస్ట్రేషను వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చడాన్ని నియంత్రిస్తున్నది. కనుక పనికి ముందు రవాణా శాఖ కార్యాలయంలో విచారించుకోవడం మేలు.

అమర్చిన తరువాత పరీక్ష సులభమే. ఇంజను ఆపి, పెడల్‌ను నాలుగైదు సార్లు తొక్కి, పాదం దానిమీదే ఉంచి ఇంజను నడపాలి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టర్ పనిచేస్తున్నట్లు. దిగకపోతే బండిని రోడ్డెక్కించకూడదు.

ఆ బండిని నడిపే ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా తేలికైన పెడల్‌కు అలవాటుపడిన ఇంటి పిల్లలకు, చెప్పి ఉంచవలసిన మాట ఒకటి ఉన్నది. దారిలో ఇంజను ఆగిపోతే బూస్టర్‌లో ఒకటి రెండు తొక్కులకు సరిపడే నిల్వ మాత్రమే మిగులుతుంది. అప్పుడు కంగారుపడి పదేపదే తొక్కి ఆ నిల్వను పోగొట్టుకోకూడదు. ఒక్కసారే గట్టిగా తొక్కి, బండి ఆగేవరకు అలాగే పట్టి ఉంచాలి. ఆ నిల్వ అయిపోయినా బ్రేకు పోదు. గాలి సాయం మాత్రమే పోతుంది. అప్పుడు రెండు కాళ్ళతోనైనా సరే, బలమంతా వేసి తొక్కవలసినదే.