పాలక మండలిలో ఆదివారానికి చోటేది?

నాగారంలో మా వీధి చివర ఉండే కుర్రాడు నాచారం పారిశ్రామికవాడలో రాత్రి షిఫ్టు చేస్తాడు. ఆదివారం పొద్దున్నే డ్యూటీ దిగి, ఇంటికి రాకుండా అటునుంచి అటే దూరవిద్య క్లాసుకు పోతాడు. ఓసారి నేనూ వెంట వెళ్లాను. ఏదో కాలేజీలో అరువు గది. బోర్డు మీద శనివారం నాటి లెక్క ఇంకా చెరపలేదు. గేటు తాళం తీసిందీ, హాజరు వేసిందీ, ఆపైన పొలిటికల్ సైన్స్ చెప్పిందీ ఒక్క మాస్టారే. వారమంతా ఆయన ఆ కాలేజీ లెక్చరర్, ఆదివారం మాత్రం గౌరవ వేతనం మీద కోఆర్డినేటర్. మావాడి మెమోలో ఒక అసైన్‌మెంట్ మార్కులు పడలేదు. ‘‘పైకి రాశాను బాబూ, అంతకుమించి నా చేతిలో లేదు’’ అన్నారాయన. అది ఏ యూనివర్సిటీ అన్నది ఇక్కడ అక్కర్లేదు. ఆ ‘పైన’ ఎలా కట్టారన్నదే నా ప్రశ్న.

దేశంలో తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం మనదే. 1982 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ఓపెన్ యూనివర్సిటీగా మొదలై, 1991లో అంబేడ్కర్ పేరు పెట్టుకుంది. తొలి వీసీ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ తొలి వీసీ ఆయనే. నాచారానికి దగ్గర్లోనే ఉన్న ఉస్మానియా దూరవిద్యా కేంద్రానికి ఇప్పుడు ఆయన పేరే. పంచాయతీరాజ్ మీద పరిశోధన చేసిన మనిషి ఆయన. అధికారం కిందికి దిగాలన్న చర్చ ఆయనకు కొత్తేమీ కాదు. ఆయన నాటిన చెట్టుకు కొమ్మలు ఊరూరా పాకాయి గానీ, నీళ్లు పోసేదెప్పుడో తేల్చేది మాత్రం జూబ్లీహిల్స్‌లోని యూనివర్సిటీ ప్రధాన కార్యాలయమే.

సార్వత్రిక విశ్వవిద్యాలయమైనా పాలన చట్రం మామూలు యూనివర్సిటీదే. గవర్నర్ చాన్సలర్. సెర్చ్ కమిటీ ఇచ్చిన పేర్లలోంచి వీసీ. ఆయన చుట్టూ పాలక మండలి, చదువు సంగతులకు సెనేట్. ఆ వీసీ కుర్చీకైనా నిలకడ ఉందా అంటే, 2019 నుంచి 2021 దాకా తెలంగాణలోని చాలా వర్సిటీలు ఇన్‌చార్జిలతోనే బండి లాగించాయి.

ఈ చట్రంలో విద్యార్థి మాటకు చోటు లేదు. మామూలు యూనివర్సిటీలో ఆ లోటును క్యాంపస్ పూడుస్తుంది. ఉస్మానియాలో మెస్‌లో అన్నం బాగాలేకపోతే పిల్లలు ఆర్ట్స్ కాలేజీ ముందు కూర్చుంటారు, సాయంత్రానికల్లా ఎవరో ఒక అధికారి దిగివస్తాడు. ఓపెన్ యూనివర్సిటీ విద్యార్థికి ఆ వీలు లేదు. ఒకడు నాచారంలో మిషన్ దగ్గర, ఒకామె ఆదిలాబాద్‌లో అంగన్‌వాడీలో, ఇంకొకరు ఆటోలో. ధర్నాకు రావాలంటే ఒక రోజు కూలి పోతుంది. గొడవ చేయడానికి లేదు, పాలక మండలిలో మాట్లాడటానికీ లేదు.

జూబ్లీహిల్స్‌కు మాత్రం పూర్తి స్వేచ్ఛ ఉందా? అదీ లేదు. దూరవిద్య నియంత్రణ ఒకప్పుడు ఇగ్నో కింది మండలి చేతిలో ఉండేది, 2013లో అది యూజీసీకి పోయింది. కిరాయి స్టడీ సెంటర్ల దందాకు ముకుతాడు పడటం వరకు మంచిదే. కానీ బడి ముఖం చూడనివాళ్లు కూడా అర్హత పరీక్ష రాసి నేరుగా డిగ్రీలో చేరే దారి ఒకటుండేది. ఓపెన్ యూనివర్సిటీలో ‘ఓపెన్’ అన్న మాటకు అసలు అర్థం అదే. యూజీసీ నిబంధనల పుణ్యమా అని ఆ తలుపూ మూసుకుంది. మూసేముందు ఆ తలుపులోంచి వచ్చి పట్టా పుచ్చుకున్నవాళ్లను అడిగి ఉంటారనైతే నేననుకోను.

ఈ తరహా చదువుకు దారి చూపిన బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీలో విద్యార్థి సంఘం అధ్యక్షుడికి పాలక మండలిలో హోదారీత్యా చోటుంటుంది. అక్కడ పాఠం చెప్పే ట్యూటర్లను 2022లో శాశ్వత కాంట్రాక్టులోకి తీసుకున్నారు. వాళ్ల దగ్గర డబ్బుందిలే అని కొట్టిపారేయొచ్చు. శాశ్వత కొలువుకు డబ్బు కావాలి, నిజమే. సమావేశంలో ఒక కుర్చీ వేయడానికి ఎంతవుతుంది?

పాలక మండలిలో కోఆర్డినేటర్లు తమలోంచి ఎన్నుకున్న ఒకరు, విద్యార్థులు ఎన్నుకున్న ఒకరు హక్కుగా కూర్చోవాలి. ఎవరో దయతలిచి చేసే నామినేషన్ అయితే లాభం లేదు. రాష్ట్రమంతా చెదిరి ఉన్నవాళ్లతో ఎన్నికలెలా అంటారు. ఫీజు ఫోన్‌లో కట్టించుకుంటున్నాం, హాల్‌టికెట్ ఫోన్‌లోనే ఇస్తున్నాం, ఓటు దగ్గరకొచ్చేసరికే దూరం గుర్తొస్తుందా? అంతవరకు ఆగలేమంటే, కనీసం అసైన్‌మెంట్ మార్కుల తప్పును దిద్దే అధికారమైనా ఆదివారం గేటు తాళం తీసే మాస్టారికి ఇవ్వండి. ఆ పేపర్లు దిద్దిందీ ఆయనే కదా.